అనుమతి లేని క్షవరం

ఆ కోర్టులో బంట్రోతుగా పనిచేసే మనిషిని ఊరంతా మైకు అనే పిలుస్తుంది. కేసు వంతు రాగానే సంబంధించినవాళ్ళ పేర్లు మూడేసి సార్లు పిలవడం అతని ఉద్యోగం. నడవా ఈ చివర నిలబడి పిలిచాడంటే ఆ చివర కునుకు తీస్తున్న ప్లీడరు కూడా ఉలిక్కిపడి లేచి, తన కేసు కాకపోయినా ఫైలు చంకన పెట్టుకుని పరిగెత్తుకొస్తాడని చెప్పుకుంటారు. అంత గొంతున్నవాడికి ఈమధ్య ఇంట్లో నోరు విప్పే వీల్లేకుండా పోయింది. దానికి కారణం బావ.

బావంటే అక్క మొగుడు. కోర్టు వీధి మలుపులో ఆయనకి రెండు కుర్చీల సెలూను ఉంది. చేతిలో కత్తెర ఎంత చురుగ్గా ఆడుతుందో నోట్లో నాలుకా అంత చురుగ్గా ఆడుతుంది. ఆ రెంటి కోసమూ జనం వస్తారు. క్షవరం అయిపోయాక కూడా బల్ల మీద కూర్చుని వెళ్ళనివాళ్ళు వెళ్ళేవాళ్ళకంటే ఎక్కువ.

ఆ ఊళ్ళో పురపాలక సంఘానికి ఎన్నికలు జరగాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఎప్పుడు పెడతారంటే చెప్పే నాథుడు లేడు. అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. పాలన విషయాలు మాట్లాడుకోవడానికి ఐదుగురికి మించి ఒకచోట చేరాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలట. ఒక ఆదివారం పొద్దున సెలూన్లో కుర్చీల్లో ఇద్దరూ బల్ల మీద నలుగురూ ఉన్నారు. ఎన్నికల ముచ్చట మంచి పాకాన పడింది. ఆ దారిన పోతున్న కానిస్టేబులు తలుపులోంచి తొంగిచూశాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అనుమతి లేకుండా బావ సభ జరిపాడని అక్కడికక్కడే కేసు రాసి, మెడకి సబ్బు నురగతో ఉన్నవాళ్ళని అలాగే బయటికి పంపించి, తలుపుకి తాళం వేసి, దాని మీద లక్కతో సీలు వేసి వెళ్ళిపోయాడు.

కేసు తేలేదాకా సీలు తియ్యకూడదు. కేసేమో తేలదు. ఒక వాయిదాకి కానిస్టేబులు రాడు, ఒక వాయిదాకి ఆయన వస్తే కాగితం రాదు. పైగా ఆ కోర్టు గదికి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. వీధి రొద లోపలికి వస్తోందని వెనకటి జడ్జి ఎవరో మూయించారు, ఆయన బదిలీ అయిపోయినా తలుపు మాత్రం మూతబడే ఉండిపోయింది. జనం లోపలికి రాకుండా మైకునే అక్కడ నిలబెట్టారు. లోపల ఏం జరిగిందో బయటికి తెలియదు.

"నా కేసు సంగతి నాకే తెలియట్లేదురా బావమరిదీ," అనేవాడు బావ నడవాలోనే నిలబడి. "పెళ్ళికొడుకుని విడిదింట్లో పెట్టి పెళ్ళి చేసేస్తున్నారు."

ఇక ఇంటి సంగతి. చేతులు ఖాళీగా ఉండలేని మనిషి కదా, బావ పాత కత్తెర ఒకటి వెతికి తీసి ఇంటిల్లిపాది మీదా పడ్డాడు. పిల్లల నెత్తులు బోడిగుండ్లకి ఒక వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. పక్కింట్లోనే ఉండే మైకు భోజనానికి కూర్చున్నా సరే వెనకనుంచి చల్లగా ఇనుము తగిలేది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ సెలూను తెరిపిస్తావా, లేకపోతే నేను తలకి గుడ్డ చుట్టుకుని మీ ఇంట్లో కాపరం పెట్టనా?" అంది అక్క ఒకరోజు. ఆ మాట నవ్వుతూ అన్నా, తర్వాతి మాటకి ఆమె గొంతు తగ్గింది. "కొట్టు యజమాని కబురు పెట్టాడ్రా. ఈ నెలాఖరులోగా తాళం తియ్యకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాడట. చెప్పుల షాపు వాడు వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. మీ బావకి చెప్పలేదింకా."

"నేను పేరు పిలిచేవాణ్ణక్కా, తీర్పు చెప్పేవాణ్ణి కాదు."

"తెలుసులే. ఆ పిలిచేదేదో గట్టిగా పిలువు."

అలాంటి సమయంలో కోర్టులో హడావిడి మొదలైంది. దేశాలన్నీ ఒకచోట కూర్చుని రాసుకున్న ఒప్పందం ఒకటుంది. మనుషుల హక్కుల్ని కాపాడతామని, ఎన్నికలు సరిగ్గా జరిపిస్తామని, చట్టం ముందు అందరినీ ఒక్కలా చూస్తామని అందులో రాసుకున్నారు. ఆ ఊరున్న దేశమూ ఎప్పుడో సంతకం పెట్టింది. పెట్టిన సంతకాన్ని ఎవరెంత నిలబెట్టుకుంటున్నారో చూడటానికి పరిశీలకులు తిరుగుతారు. వాళ్ళు ఈసారి ఈ ఊరి కోర్టుకీ వస్తున్నారు. 'విచారణలు బహిరంగంగా జరుగుతున్నవా?' అన్నది వాళ్ళు చూడబోయే మొదటి సంగతి.

హెడ్ గుమాస్తా గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉండే మనిషి. ఆయనకి ఆ కబురు తెలిసినప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

"బహిరంగం అంటే జనం ఉండాలి కదయ్యా," అన్నాడు మైకుతో. "మన గదిలో బల్లలున్నాయి, ఫ్యానుంది. జనం ఏరీ?"

"మనమే రానివ్వట్లేదు కదండీ. తలుపు దగ్గర నన్నే కదా కాపలా పెట్టారు."

"అది వేరే సంగతి. నువ్వు ఓ ఇరవైమందిని పట్టుకురా. పెద్దమనుషుల్లా ఉండాలి. కదలకూడదు, మాట్లాడకూడదు."

చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం మైకు స్వభావం. ఆ సాయంత్రమే వీధిన పడ్డాడు. ఫోటో స్టూడియో ఆయన కోర్టు మాట వినగానే షట్టరు సగానికి దించాడు. మందుల షాపు ఆయన, "నేనేం చేశాన్రా నీకు?" అని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. ఊరికే కూర్చోవడానికి రమ్మంటున్నాం అంటే ఎవరూ నమ్మరు. మధ్యలో ఏదో తిరకాసు ఉండే ఉంటుందని అందరి అనుమానం. తిరిగి తిరిగి కాళ్ళు పీకి, చివరికి మూతబడిన సెలూను అరుగు మీద చతికిలబడ్డాడు.

అక్కడ ఆ వేళప్పుడు బావ ఖాతాదార్లు ఒకరొకరుగా వచ్చి సీలుని పలకరించి పోవడం అలవాటు. అందరికంటే ముందు గుండు మాస్టారు వచ్చాడు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, నెత్తిన ఒక్క వెంట్రుకైనా లేదు గానీ గడ్డం మాత్రం రెండు రోజులకే గరుకెక్కుతుంది. సంగతి విన్నాడు.

"కూర్చోవడమేనా?"

"అంతేనండి. నోరు మాత్రం మెదపకూడదు."

"అబ్బాయ్, ఇన్నాళ్ళై మాకు కూర్చోవడానికే చోటు లేదు. చోటు దొరికితే అదే పదివేలు. ఎంతమంది కావాలో చెప్పు."

మర్నాడు మైకు ఉన్నదున్నట్టు హెడ్ గుమాస్తాకి చెప్పేశాడు. "వచ్చేవాళ్ళంతా మా బావ సెలూనుకి వచ్చేవాళ్ళేనండి. ఆ రోజున మా బావ కేసు కూడా ఉందండి. తర్వాత నన్ను అనకూడదు."

"ఉంటే ఏం? వాయిదా పడుతుంది. పడకపోతే కదా ఆశ్చర్యం. మనుషులు దొరికారు, అంతే చాలు," అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి పరిశీలకులు వచ్చే రోజు పొద్దున్న మళ్ళీ బిగిసింది. కోర్టు ఆవరణలోకి వచ్చిన జనాన్ని చూసి హెడ్ గుమాస్తా గారు చేతిరుమాలు జారవిడిచాడు. ఒకడి జుట్టు చెవుల్ని మింగేసింది. ఇంకొకడి మీసం మూతిని మూసేసింది. మాస్టారి గడ్డంలో చాక్‌పీసు పెడితే దొరకదు.

"ఏమయ్యా, వీళ్ళని వీధుల్లోంచి పట్టుకొచ్చావా, గుహల్లోంచా?"

"పెద్దమనుషులేనండి," అన్నాడు మైకు. "జుట్టే కాస్త..."

"ఊళ్ళో ఇంకో సెలూనే లేదా?"

"ఉందండీ," అన్నాడు మాస్టారు. "కానీ ఇన్నేళ్ళుగా ఒకాయన ముందు తల వంచాం. ఆయన తాళం కింద ఉంటే ఇంకొకడి ముందు ఎలా వంచుతాం?"

హెడ్ గుమాస్తా గోడ గడియారం వంక చూశాడు, గేటు వంక చూశాడు. "ఇక్కడ కత్తిరించేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఆకాశాన్ని అడిగినట్టు అడిగాడు. ఇరవైమందీ ఒక్కసారిగా ఒకవైపే చూశారు. స్తంభానికి ఆనుకుని, ఇస్త్రీ చొక్కాలో, తన కేసు ఎప్పుడు పిలుస్తారా అని బావ నిలబడి ఉన్నాడు.

"ముద్దాయి చేతనా!" అన్నాడు హెడ్ గుమాస్తా. మళ్ళీ జనం జుట్ల వంక చూశాడు. "సరే, కానివ్వండి. నేను అనుమతి ఇస్తున్నాను. ముందు వరసలో కూర్చునేవాళ్ళకి ముందు చెయ్యండి."

అక్క ఇంటికి పరిగెత్తి కత్తెర, గడ్డం గీసే పాత కత్తి, దువ్వెన, దుప్పటి తెచ్చింది. సైకిళ్ళ షెడ్డులో స్టూలు వేశారు. బావ ఫట్‌మని దుప్పటి దులపడం మైకు కళ్ళారా చూశాడు. ఎన్ని రోజులకి మనిషి మనిషిలా కనిపించాడు! జుట్టు రాలుతున్న కొద్దీ మాటలూ రాలసాగాయి. షెడ్డులో ఏ మాట ముందొస్తుంది? ఎన్నికల మాటే.

అప్పుడు వచ్చాడు కానిస్టేబులు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జుట్టు కాలరు మీద పడుతోంది. మనిషి షెడ్డు చుట్టూ రెండు సార్లు తిరిగాడు గానీ దగ్గరికి రాలేదు.

"రండి సార్, మొహమాటమెందుకు?" అన్నాడు బావ. "గొడవ నాకూ తాళానికీ. మధ్యలో మీ జుట్టు ఏం చేసింది పాపం?"

"ఇన్‌స్పెక్టరు గారు ఈ తలతో పరిశీలకుల ముందు కనబడ్డావంటే చంపేస్తానన్నారు," అన్నాడు కానిస్టేబులు నీరసంగా. "నీ చేతికి అలవాటుపడ్డ తలయ్యా ఇది. వేరేచోట చేయించుకుంటే నాకు నిద్రపట్టదు."

కూర్చున్నాడు. కత్తెర చెవి దగ్గర టికటికలాడేసరికి ఆయన కళ్ళు మూతలుపడ్డాయి, నోరు తెరుచుకుంది. "ఎన్నికలు పెట్టేస్తేనే మంచిదయ్యా. మా వీధిలో పంపు పాడై ఎన్నాళ్ళయింది! చెప్పుకుందామంటే మెంబరు లేడు. ఎవరి గడప తొక్కాలో తెలియదు."

"అదే కదండీ మేమూ అనేది," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

ఆ మాటలు పై అంతస్తు వరండాలో నిలబడ్డ మైకుకి వినబడుతూనే ఉన్నాయి. ఇంతలో లోపల గంట మోగింది. జడ్జి గారు వచ్చి కూర్చున్నారు, పరిశీలకుల తరఫున ఒకావిడా వచ్చేసింది. మొదటి కేసు ఏమిటని చూస్తే బావదే.

మైకు కిందికి చూశాడు. కానిస్టేబులు తల కుడివైపు నున్నగా అయింది, ఎడమవైపు ఇంకా అడవే. కాసేపు ఆగి పిలిస్తే క్షవరం పూర్తవుతుంది. పూర్తయితే ఆ మనిషి ఏ పని మీదో జారుకున్నా జారుకోగలడు, అలవాటే కదా. ఇన్ని వాయిదాల్లో ముద్దాయీ కానిస్టేబులూ కాగితమూ అన్నీ ఒకేసారి దొరకడం ఇదే మొదటిసారి. గంట మోగితే పిలవాలి, అది నియమం. నియమం తన వైపు ఉన్న రోజున గొంతు దాచుకోవడం ఎందుకు?

రొమ్ము నిండా గాలి పీల్చాడు. సీలు వేసిన కానిస్టేబులునీ, సీలు పడ్డ బావనీ ముమ్మారు పిలిచాడు. షెడ్డులో సైకిలు గంటలు వాటంతటవే మోగాయని తర్వాత మాస్టారు అందరికీ చెప్పుకున్నాడు. కానిస్టేబులు ఒక్క గెంతున లేచి, దుప్పటితో సహా మెట్లెక్కేశాడు. వెనకే బావా, జనమూ ఎక్కారు.

కోర్టు గది తలుపు ఆ రోజు బార్లా తెరిచి ఉంది. బల్లల నిండా జనం. పక్కన ఒక కుర్చీలో పొడుగాటి పరిశీలకురాలు, ఆమె చెవి దగ్గర మాటలు ఆమె భాషలోకి మార్చి చెప్పే దుబాసీ. జడ్జి గారు కొత్తగా వచ్చిన మనిషి. గొంతు బొత్తిగా చిన్నది. ఆవిడ ఏదో అన్నారు.

"వినబడట్లేదమ్మా," అన్నాడు మాస్టారు వెనకనుంచి.

హెడ్ గుమాస్తా మొహం తెల్లబోయింది. జడ్జి గారు మాత్రం చిన్నగా నవ్వి, గొంతు సవరించుకుని, "ఇప్పుడు వినబడుతోందా?" అన్నారు. అందరూ తలలూపారు. అప్పుడు ఆవిడ చూపు కానిస్టేబులు మీద పడింది. "ఏమిటిది?"

"క్షవరం మధ్యలో పిలిచారు మేడం."

గది గొల్లుమంది. కానిస్టేబులు దుప్పటి తీసి మడతపెట్టి చంకన పెట్టుకుని, ఎర్రబడ్డ మొహంతోనే కేసు చెప్పాడు. ఏడుగురున్నారు, పాలన విషయాలు మాట్లాడుకున్నారు, అనుమతి లేదు. "క్షవరానికే వచ్చామంటారు మేడం. కానీ వాళ్ళలో ఒకాయనకి నెత్తిమీద వెంట్రుకే లేదు. క్షవరానికి కాకపోతే సభకి కాక దేనికొచ్చినట్టు?"

"గడ్డం!" మాస్టారు లేచి నిలబడ్డాడు. "గడ్డం నాయనా, గడ్డం!"

"కూర్చోండి. పిలవకుండా మాట్లాడకూడదు," అన్నారు జడ్జి గారు. "గడ్డం సంగతి రాసుకున్నాను." తర్వాత బావ వైపు తిరిగారు. "మీకు ప్లీడరు లేరు. వాయిదా కావాలంటే, ఒకరిని కోర్టే ఏర్పాటు చేస్తుంది. లేదు, కానిస్టేబుల్ని ప్రశ్నలు మీరే అడుగుతానంటే ఇప్పుడే అడగొచ్చు."

బావ నోరు తెరిచాడు. సెలూన్లో గలగలా మాట్లాడే మనిషి బోనులో చేతులు వేలాడేసుకుని బిక్కచచ్చిపోయాడు. హెడ్ గుమాస్తా అప్పుడే కలం తీసి వాయిదా తేదీ వెతుకుతున్నాడు. తలుపు దగ్గర మైకు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. ఇంకో వాయిదా అంటే నెలాఖరు దాటిపోతుంది. సెలూను చోట చెప్పులు వేలాడతాయి. ఆ సంగతి బావకి ఇంకా తెలియదు, కోర్టులో నోరు విప్పి చెప్పడానికి తనకి అధికారం లేదు.

ఎందుకు పెట్టాడో గానీ బావ జేబులో చెయ్యి పెట్టాడు. దువ్వెన తగిలింది. తీసి పట్టుకున్నాడు. చేతికి పని దొరికేసరికి నాలుకకీ ముడి విడింది.

"వాయిదా వద్దమ్మా, అడుగుతాను. సార్, ఇందాక సైకిళ్ళ షెడ్డులో ఎంతమంది ఉన్నారండి?"

"ఇరవైమంది దాకా."

"మీరూ ఉన్నారు కదండి?"

"ఉంటే?"

"ఏం మాట్లాడుకున్నామండి?"

కానిస్టేబులు కాలర్లో వేలు పెట్టుకున్నాడు. "ఏదో... మా వీధి పంపు సంగతి."

"పంపు పాడైతే ఎవరుండాలన్నారు సార్ మీరు?"

"మెంబరు."

"మెంబరు రావాలంటే?"

"ఎన్నికలు పెట్టాలి," అన్నాడు కానిస్టేబులు, పాఠం అప్పజెప్పినట్టు.

"మరి అనుమతి తీసుకున్నారా సార్?"

"క్షవరానికి అనుమతి ఏమిటయ్యా!"

కానిస్టేబులు తనన్నది తనకే వినబడి నాలుక కరుచుకున్నాడు. గది గదంతా భళ్ళున నవ్వింది. నవ్వు అణిగిపోయాక, దుబాసీ చెప్పడం అప్పటికి పూర్తయిందేమో, పరిశీలకురాలు ఒక్కతే పకపకా నవ్వింది. దానికి మళ్ళీ అందరూ నవ్వారు.

"హెడ్ గుమాస్తా గారు అనుమతి ఇచ్చారు మేడం!" అన్నాడు కానిస్టేబులు ఆఖరి ప్రయత్నంగా.

"నేను క్షవరానికే ఇచ్చానండి!" హెడ్ గుమాస్తా లేచాడు. "మాట్లాడుకోవడానికి ఇవ్వలేదు."

"అయితే ఇవాళ కోర్టు ఆవరణలో, కోర్టు గుమాస్తా పిలిపించిన జనంతో, కేసు పెట్టిన కానిస్టేబులు సమక్షంలో అనుమతి లేని సభ జరిగిందంటారు. కేసు రాసుకోమంటారా?" అన్నారు జడ్జి గారు.

హెడ్ గుమాస్తా గబుక్కున కూర్చున్నాక, జడ్జి గారు కానిస్టేబులు వైపు తిరిగారు.

"ముందు వెళ్ళి ఆ రెండోవైపు కత్తిరించుకుని రండి. మిమ్మల్ని ఇలా చూస్తూ తీర్పు చెప్పడం నావల్ల కాదు."

మిగతా సగం పని కాసేపట్లో అయిపోయింది. తిరిగొచ్చాక జడ్జి గారు వెనక బల్ల దాకా వినబడేలా తీర్పు చదివారు. నలుగురూ శాంతంగా ఒకచోట చేరి తమను పాలించేవాళ్ళ గురించి మాట్లాడుకోవచ్చని దేశం సంతకం పెట్టింది, ఆ మాటనే చట్టంలోనూ రాసుకుంది. అది సెలూనుకీ వర్తిస్తుంది. ఆ ఉత్తర్వు చట్టానికి నిలుస్తుందా లేదా తేల్చమని పై కోర్టుకి రాస్తున్నారు. ఈ కేసు మాత్రం కొట్టేస్తున్నారు. "సీలు వేసిన కానిస్టేబులే ఇవాళే వెళ్ళి సీలు తియ్యాలి."

అక్క మైకు భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, మర్నాటి దాకా వేలిముద్రలు పోలేదు.

వెళ్ళబోతూ పరిశీలకురాలు తలుపు దగ్గర ఆగింది. దుబాసీ గ్రంథంలోంచి చదివినట్టు అడిగాడు. "ఈ ద్వారము ప్రతిదినమూ ఇటులనే తెరవబడి ఉండునా?"

హెడ్ గుమాస్తా ఆమె వెనక నిలబడి 'అవునను, అవునను' అని కళ్ళతో బతిమాలుతున్నాడు. మైకుకి అబద్ధం చెప్పడం రాదు. వచ్చినా, ఆ గొంతుతో చెబితే వీధి చివరిదాకా వినబడుతుంది.

"లేదండి. నిన్నటిదాకా మూసే ఉండేది. దీని ముందు ఎవరినీ రానివ్వకుండా నిలబడింది నేనే."

"రేపు?"

"రేపటి సంగతి మేడం గారు చెప్పాలండి."

"తెరిచే ఉంటుంది," అన్నారు జడ్జి గారు లోపలినుంచి, ఈసారి ఎవరూ అడక్కుండానే గట్టిగా.

పరిశీలకురాలు ఏదో రాసుకుని మైకుకి చెయ్యి కలిపి వెళ్ళిపోయింది. హెడ్ గుమాస్తా మెడ తుడుచుకుని, "చెప్పేశావు కదయ్యా," అన్నాడు. చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "పోనీలే, రాత్రికి నిద్రన్నా పడుతుంది," అన్నాడు.

సాయంత్రం కోర్టు వీధి మలుపు జనంతో కిటకిటలాడింది. కానిస్టేబులు లాఠీ మొనతో లక్క పొడిచి, తాళం తీశాడు. చెప్పుల షాపాయన దూరంనుంచి చూసి, కొలతల టేపు చుట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. అక్క చీపురు పట్టి లోపలికి దూరింది. దుమ్ము దులిపి అద్దాలు తుడిచేసరికి బావ కుర్చీ వెనక నిలబడి, కత్తెర పట్టుకుని, "ఊఁ, ముందెవరు?" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఒకరి తల ఒకరు చూసుకున్నారు. పొద్దున కొందరివీ, తీర్పయ్యాక మిగతావాళ్ళవీ షెడ్డులోనే అయిపోయాయి. మాస్టారి గడ్డం నున్నగా మెరుస్తోంది. ఇంటిల్లిపాదీ ముందే బోడి. వీధిలో కత్తిరించదగ్గ తల ఒక్కటి లేదు.

అయినా ఎవరూ ఇళ్ళకి కదల్లేదు. కుర్చీల్లో ఇద్దరు, బల్ల మీద ఇరుక్కుని ఆరుగురు, గడప మీద ముగ్గురు, అరుగు మీద మిగిలినవాళ్ళు సర్దుకున్నారు. మైకు గోడవారగా నిలబడ్డాడు.

కానిస్టేబులు తలుపులో నిలబడి లోపలికి చూశాడు. "ఏమయ్యా, ఇవాళ క్షవరం కూడా లేదు," అన్నాడు. "ఇది ఉత్త సభే కదా?"

"సభేనండి," అన్నాడు బావ. "మీ పంపు సంగతితోనే మొదలుపెడదాం."

కానిస్టేబులు టోపీ తీసి, బల్ల చివర ఉన్నవాణ్ణి, "కాస్త జరగవయ్యా," అన్నాడు.